పెద్ద డాక్టరుకి రాసిచ్చారు, ఇప్పుడేం చెయ్యాలి? పిల్లల ఎదుగుదల రిఫరల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నల్గొండ జిల్లా. మా బాబుకిప్పుడు పదకొండేళ్ళు. వాడికి రెండేళ్ళు దాటాక ఒక పిల్లల డాక్టరు చీటీ మీద నాలుగు ముక్కలు రాసి "హైదరాబాద్‌లో చూపించండి" అన్నారు. ఆ చీటీ పట్టుకుని బస్టాండ్‌లో కూర్చుని ఏడ్చాను. అందులో ఏముందో నాకు చదవడం రాలేదు, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియలేదు. ఆ తర్వాత ఎన్ని ఆసుపత్రుల ఓపీ లైన్లలో నిలబడ్డానో లెక్కలేదు. ఆ లైన్లలోనే నాలాంటి తల్లిదండ్రులు ఎంతోమంది పరిచయమయ్యారు. వాళ్ళు అడిగినవి, నేను అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, మీ బిడ్డను చూసిన డాక్టరు మాటకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

రిఫర్ చేశారంటే బిడ్డకి ఏదో పెద్ద జబ్బు ఉన్నట్టేనా?

కాదు. డాక్టరుకి ఒక అనుమానం వచ్చింది, అది తేల్చడానికి తన దగ్గరున్న సమయం, పరికరాలు చాలవు అని అర్థం. జ్వరం, దగ్గు చూసే ఓపీలో ఒక్కో బిడ్డకి దొరికేది ఐదు పది నిమిషాలు. ఎదుగుదలను సరిగ్గా అంచనా వేయాలంటే గంట, ఒక్కోసారి రెండు మూడు విడతలు పడుతుంది. అందుకే పంపిస్తారు.

చీటీ మీది మాటలు చూసి భయపడకండి. "రూల్ అవుట్ ఏఎస్‌డీ" అని ఉంటే ఆటిజం (మాట, నలుగురితో కలవడం, ప్రవర్తనలో కనబడే తేడా) ఉందని కాదు, ఉందో లేదో చూసి చెప్పమని ఒక డాక్టరు ఇంకో డాక్టర్ని అడగడం. "జీడీడీ" అంటే గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే. ఐదేళ్ళ లోపు బిడ్డ నడక, మాట, ఆట, తెలివి లాంటి వాటిలో రెండు మూడింటిలో వెనకపడితే ఆ మాట రాస్తారు. అదొక తాత్కాలిక పేరే. కారణం ఏమిటో, ముందు ముందు ఎలా ఉంటుందో ఆ మూడక్షరాలు చెప్పవు. చీటీ చేతికివ్వగానే "దేని కోసం పంపిస్తున్నారు, అక్కడ ఏం తేలాలి? తెలుగులో చెప్పండి" అని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు. నేను అడగలేదు, ఆ రాత్రంతా ఫోన్‌లో వెతుక్కుంటూ లేనిపోనివన్నీ ఊహించుకున్నాను.

ఎన్ని నెలలకి ఏది రాకపోతే చూపించాలి?

ప్రతి బిడ్డా ఒకే తేదీకి అన్నీ చెయ్యదు. కానీ దేనికైనా ఒక గడువుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మంది సుమారు 9 నెలలకి ఊతం లేకుండా కూర్చుంటారు, 18 నెలల లోపు సొంతంగా నడుస్తారు. అది దాటితే ఇంకా ఆగడంలో అర్థం లేదు. మూడు నెలలు దాటినా మొహం చూసి నవ్వకపోవడం, ఐదో నెలకీ మెడ నిలవకపోవడం, ఏడాదికి "బాబ్బా, తాతా" లాంటి శబ్దాలు లేకపోవడం, టాటా చెప్పకపోవడం, వేలితో చూపించకపోవడం, పదహారు నెలలకి ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్ళకి "అమ్మ దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల ముక్కలు రాకపోవడం, ఇవన్నీ చూపించాల్సినవే. ఒక చెయ్యే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచే పసిబిడ్డను కూడా వెంటనే చూపించాలి.

అన్నిటికన్నా ముఖ్యం: వచ్చిన మాట పోయినా, వచ్చిన నడక తగ్గినా ఏ వయసులోనైనా ఆ వారమే వెళ్ళండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి లెక్క వేరు. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకి ఈరోజు పది నెలలైతే, ఎదుగుదల విషయంలో ఎనిమిది నెలలుగా లెక్కేస్తారు. రెండేళ్ళ దాకా ఇలాగే చూస్తారు. డాక్టరు గుర్తుపెట్టుకుంటారులే అనుకోకుండా ఆ సంగతి మీరే మొదట చెప్పండి.

"మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే వచ్చాయి" అంటున్నారు. ఆగుదామా?

ఈ మాట వినని తల్లి నాకింతవరకు కనిపించలేదు. మా అత్తమ్మ వస అరగదీసి నాలుకకు రాసింది. నాలుక కింద నరం అతుక్కుందేమో కోయించమని ఒకరన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయితే పిల్లాడు తికమకపడి మాట్లాడడని ఇంకొకరన్నారు. ప్రేమతోనే అన్నారు, కానీ ఒక్కటీ నిజం కాలేదు. నాలుక నరం వల్ల కొన్ని శబ్దాలు పలకడం కష్టం కావచ్చు గానీ, మాటే రాకుండా పోదు. రెండు భాషలు వినే ఇళ్ళలో పిల్లలు కోట్లాది మంది ఉన్నారు, అందులో ఏ హానీ లేదు. వస మాత్రం పసివాళ్ళకి ఎక్కువైతే వాంతులు, మగత వస్తాయి, దయచేసి మానెయ్యండి.

ఆలస్యంగా మొదలుపెట్టి తర్వాత అందుకునే పిల్లలు నిజంగానే ఉన్నారు. కానీ అందుకునేది ఎవరో, అందుకోనిది ఎవరో రెండేళ్ళప్పుడు పక్కింటివాళ్ళు చూసి చెప్పలేరు. మాట లేకపోయినా బిడ్డ మీ కళ్ళలోకి చూస్తూ, వేలితో చూపిస్తూ, చెప్పింది అర్థం చేసుకుంటూ ఉంటే కొంత ధైర్యం. పిలిస్తే పలక్కపోతే, తనకి కావలసిన దాని దగ్గరికి మీ చెయ్యి పట్టుకుని వస్తువును లాగినట్టు లాక్కెళ్తుంటే ఆగకూడదు. మా బాబుకి పదిహేను నెలలప్పుడు నాకు అనుమానం వచ్చింది. మొదట చూసిన డాక్టరు "మూడేళ్ళ దాకా చూద్దాం" అన్నారు, ఏడాది పైన అలాగే పోయింది. ఆ ఏడాది గురించి నాకు ఇప్పటికీ బాధే. "ఆగండి" అని ఎవరైనా అంటే, "సరే, ఆగేలోపు వినికిడి పరీక్షకి రాసివ్వండి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో తేదీ చెప్పండి" అనండి.

ఇంతమంది డాక్టర్లేమిటి? ముందు ఎవరి దగ్గరికి?

ఎదుగుదల మొత్తాన్ని ఒకచోట చూసేవారిని డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ అంటారు. మన దగ్గర వాళ్ళు తక్కువ, దాదాపు అందరూ పెద్ద నగరాల్లోనే ఉంటారు. దొరికితే మొదట అక్కడికే వెళ్ళండి, మిగతా ఎవరి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళే చెబుతారు. ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు బిగుసుకుపోతున్నా, కండరాలు మరీ మెత్తగా ఉన్నా, వచ్చిన విద్యలు పోతున్నా పిల్లల న్యూరాలజిస్టు చూడాలి. నిద్ర పట్టకపోవడం, తనని తాను కొట్టుకోవడం, విపరీతమైన చురుకుదనం లాంటి వాటికి పిల్లల సైకియాట్రిస్టు. ఈ పేరు వినగానే చాలా ఇళ్ళలో తలుపులు మూసేస్తారు, "మా వాడికేం పిచ్చా" అంటారు. పిచ్చి కాదు. మందు రాయగల, ప్రవర్తన అర్థం చేసుకోగల డాక్టరు, అంతే. తెలివితేటల, ప్రవర్తన పరీక్షలు చేసేవారు క్లినికల్ సైకాలజిస్టు. వీళ్ళు మందులు రాయరు.

తర్వాత థెరపీ ఇచ్చేవాళ్ళు. నడక, కూర్చోవడం, కండరాల బలం ఫిజియోథెరపిస్టు చూస్తారు. చేతులతో పట్టుకోవడం, తినడం, బట్టలు వేసుకోవడం, శబ్దానికీ స్పర్శకీ బెదిరిపోవడం లాంటివి ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. మాట, మింగడం స్పీచ్ థెరపిస్టుది. నేర్పించే పద్ధతి స్పెషల్ ఎడ్యుకేటర్‌ది. పరీక్షలు చేసి పేరు పెట్టే డాక్టరు ఏడాదికి రెండు మూడుసార్లు కనిపిస్తారు. బిడ్డతో వారం వారం గడిపేది వీళ్ళే. మా బాబులో వచ్చిన మార్పులో ఎక్కువ భాగం ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ అక్కదే.

హైదరాబాద్ వైపు వాళ్ళకి నేను మొదట చెప్పే చోటు సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలై ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అనే పేరుతో నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ అక్కడే ఉంది. నేరుగా వెళ్ళి పేరు నమోదు చేయించుకోవచ్చు. సైకాలజీ, థెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్ అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. 2021లో పసిపిల్లల కోసం ప్రత్యేక ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రం, అంటే చిన్నప్పుడే గుర్తించి థెరపీ ఇచ్చే చోటు, కూడా మొదలైంది. వినికిడి, మాట చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే ఉంది. చిన్నపిల్లలకి నిలోఫర్, చెవికి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, కంటికి మెహదీపట్నం సరోజినీదేవి లేదా బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్, జన్యు విషయాలకి నిమ్స్. ఆంధ్ర వైపు విశాఖ కేజీహెచ్, తిరుపతి రుయా లాంటి బోధనాసుపత్రులున్నాయి. నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం ఉంది. రాయలసీమ నుంచి కొందరు బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్తారు. దూరమే, కానీ అనంతపురం వాళ్ళకి హైదరాబాద్ కన్నా దగ్గర.

డబ్బు లేదు. ప్రభుత్వం ద్వారా వెళ్ళే దారి ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అందరూ ఆర్‌బీఎస్‌కే అంటారు, పుట్టిన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలకి వర్తిస్తుంది. దీని బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకి ఏడాదికి ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. అనుమానం ఉన్న బిడ్డని జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి పంపిస్తారు. జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ అన్నమాట. పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్, సైకాలజిస్టు, కంటి, పంటి నిపుణులు అందరూ ఒకచోట ఉండాలన్నది దాని ఉద్దేశం. అన్ని జిల్లాల్లో అన్ని పోస్టులూ నిండి ఉండవు, ఆ మాట దాచను. అయినా అక్కడి నుంచి వచ్చే చీటీకి పెద్దాసుపత్రుల్లో విలువుంటుంది.

అంగన్‌వాడీ టీచరుకి, ఆశా వర్కరుకి చెప్పండి. బిడ్డ ఏడాదిన్నర లోపు వయసులో ఉంటే 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఆశా ఇంటికొచ్చి ఎదుగుదల చూడాల్సిన కార్యక్రమం కూడా ఉంది. ప్రైవేటు బడికి వెళ్ళే బిడ్డ అయితే బృందం రాదు, మీరే నేరుగా జిల్లా ఆసుపత్రికి వెళ్ళి డీఈఐసీ ఎక్కడ అని అడగండి.

శబ్దాలకి బాగానే తిరుగుతాడు. అయినా వినికిడి పరీక్ష ఎందుకు?

నేనూ ఇలాగే వాదించాను. టీవీలో ప్రకటన వస్తే పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చేవాడు, వీడికి చెవుడేమిటని. స్పీచ్ థెరపిస్టు ఓపిగ్గా చెప్పారు: పళ్ళెం కిందపడిన చప్పుడు వినడం వేరు, మాటలోని "స", "ష", "ఫ" లాంటి సన్నని శబ్దాలు వినడం వేరు. కొన్ని రకాల లోపాల్లో మొదటిది వినిపిస్తుంది, రెండోది వినిపించదు. బిడ్డకి మాట ముక్కలు ముక్కలుగా చేరుతుంది, అలాంటప్పుడు తిరిగి ఎలా అంటాడు? చెవి లోపలి పొర వెనక నీరు చేరినా అదే పరిస్థితి. అందుకే మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకీ, ఆటిజం అనుమానం ఎంత గట్టిగా ఉన్నా, మొదట చెవి చూడాలి.

రెండు పరీక్షలుంటాయి. ఓఏఈ అనేది లోపలి చెవి పనిచేస్తోందో చూస్తుంది, నిమిషాల్లో అయిపోతుంది. బెరా అనేది చెవి నుంచి మెదడు కాండం దాకా శబ్దం చేరుతోందో చూస్తుంది. పుట్టినప్పుడు ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్నవాళ్ళకి, కామెర్లు ఎక్కువైనవాళ్ళకి ఓఏఈ బాగుందని వదిలెయ్యకూడదు, బెరా చెయ్యాలి.

బెరాకి బిడ్డ నిద్రపోవాలి. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామునే లేపండి. బస్సులో నిద్రపోనివ్వకండి, ఇదే అన్నిటికన్నా కష్టం. మొదటిసారి మావాడు దారిలో హాయిగా నిద్రపోయి, అక్కడికెళ్ళాక కళ్ళు విప్పార్చి కూర్చున్నాడు. నిద్రమందు సిరప్ ఇచ్చినా పడుకోలేదు, ఆరోజు తిరిగొచ్చేశాం. రెండోసారి నేనూ మావారూ వంతులేసుకుని దారి పొడుగునా ఆడించాం. ఇష్టమైన దుప్పటి ఒకటి తీసుకెళ్ళండి. మందు ఇచ్చేముందు ఎంతసేపు ఖాళీ కడుపుతో ఉంచాలో అక్కడివాళ్ళనే అడగండి.

లోపం తేలితే కుంగిపోకండి. వినికిడి యంత్రం, అవసరమైతే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ మొదలైన దగ్గర్నుంచి మన దగ్గర వేలమంది తల్లిదండ్రుల నోట వినిపించే ఆపరేషన్ అది. అక్కడ వయసే ప్రధానం, ఎంత చిన్నప్పుడు చేస్తే మాట అంత బాగా వస్తుంది.

ఎమ్మారై, ఈఈజీ, జన్యు పరీక్షలు అన్నీ చేయించాలా?

అందరికీ అన్నీ అక్కర్లేదు. రక్తంలో థైరాయిడ్ పరీక్ష మాత్రం చౌక, లోపం ఉంటే రోజూ ఒక చిన్న మాత్రతో సరిదిద్దొచ్చు, అందుకే దాదాపు అందరూ రాస్తారు. ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష, ఫిట్స్ అనుమానం ఉంటేనో, వచ్చిన మాట పోతేనో. దానికి తలకి నూనె లేకుండా స్నానం చేయించి తీసుకెళ్ళాలి. ఎమ్మారై, అంటే మెదడు స్కానింగు, తల మరీ చిన్నదిగా, పెద్దదిగా ఉంటేనో, ఒక పక్క బలహీనంగా ఉంటేనో, పుట్టినప్పుడు ఏడవలేదంటేనో చేస్తారు. ఆటిజం ఒక్కదాని కోసం అలవాటుగా చేయాల్సిన పరీక్ష కాదు. ఎమ్మారైలో ఆటిజం కనబడదు. "ఈ పరీక్షలో ఏదైనా తేలితే మీరిచ్చే చికిత్స మారుతుందా?" అని అడగండి. మంచి డాక్టరుకి ఆ ప్రశ్న వింటే కోపం రాదు.

జన్యు పరీక్ష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. "మేనరికమా?" అని డాక్టరు అడగ్గానే గదిలో గాలి బిగుసుకుంటుంది. మేనమామని, బావని చేసుకోవడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉంది. మామూలు దంపతుల పిల్లల్లో నూటికి రెండు మూడు మందికి పుట్టుకతో లోపాలు వస్తే, దగ్గరి మేనరికంలో అది సుమారు రెట్టింపు అవుతుంది. అంటే అప్పుడు కూడా నూటికి తొంభైకి పైగా పిల్లలు బాగానే పుడతారు. ఆ ప్రశ్న నేరం మోపడానికి కాదు. తల్లి వైపు, తండ్రి వైపు ఒకే లోపం కలిసే అవకాశం ఉందో లేదో చూసి సరైన పరీక్ష ఎంచుకోవడానికి. దాచకుండా చెప్పండి. రెండో బిడ్డని అనుకుంటున్నవాళ్ళు గర్భం రాకముందే జన్యు నిపుణుల్ని కలిస్తే మేలు.

అసెస్‌మెంట్ రోజు ఏం జరుగుతుంది? ఏం తీసుకెళ్ళాలి?

బిడ్డ ముందు బ్లాకులు, బొమ్మలు, బంతి పెట్టి ఆడిస్తారు. మిమ్మల్ని మాత్రం చాలా ప్రశ్నలడుగుతారు. 16 నుంచి 30 నెలల పిల్లలకి ఎం-చాట్ అనే ఇరవై ప్రశ్నల జాబితా వాడతారు. అది జల్లెడ మాత్రమే, నిర్ధారణ కాదు. ఇంకొంచెం పెద్దవాళ్ళకి ఐసా అనే నలభై అంశాల భారతీయ కొలమానం ఉంది. అందులో 70 లోపు వస్తే ఆటిజం లేదని, 106 దాకా తక్కువ స్థాయి అని, 153 దాకా మధ్యస్థమని, ఆపైన తీవ్రమని లెక్క.

ప్రసవం నాటి డిశ్చార్జి కాగితం, టీకాల వివరాలుండే తల్లీబిడ్డల కార్డు, ఇంతకుముందు చేయించిన రిపోర్టులు, అన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి. "పుట్టగానే ఏడ్చాడా?" అని ప్రతిచోటా అడుగుతారు. కొత్తచోట బిడ్డ బిక్కచచ్చిపోయి అసలు స్వభావం చూపించకపోవచ్చు. అందుకని ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు తీసి ఉంచుకోండి: తింటున్నప్పుడు, ఒంటరిగా ఆడుతున్నప్పుడు, పిలిచినప్పుడు, మీకు భయం వేసిన ఆ పని చేస్తున్నప్పుడు. నా వివరణ పది నిమిషాలు విన్న డాక్టరు ముప్పై సెకన్ల వీడియో చూసి తల ఊపారు. ఇంట్లో చేస్తాడని మీరు నమ్మేది, నిజంగా కళ్ళారా చూసింది వేరు చేసి చెప్పండి. బిడ్డని కాపాడుకోవాలని వాడికి వచ్చినవి ఎక్కువ చేసి చెబితే అందాల్సిన సాయం తగ్గిపోతుంది.

అపాయింట్‌మెంట్ మూడు నెలల తర్వాత ఇచ్చారు. అప్పటిదాకా?

దయచేసి ఖాళీగా కూర్చోకండి. నేను ఇదంతా రాస్తున్నదే ఈ ఒక్క సంగతి కోసం. థెరపీ మొదలుపెట్టడానికి జబ్బు పేరు తెలియక్కర్లేదు. మాట రాని బిడ్డకి స్పీచ్ థెరపీ కావాలి, అది ఆటిజం అయినా కాకపోయినా. మెడ నిలవని బిడ్డకి ఫిజియో కావాలి, ఎమ్మారైలో ఏమున్నా. పెద్ద డాక్టరు తేదీ కోసం ఎదురుచూస్తూనే, దగ్గర్లో ఉన్న డీఈఐసీలోనో వేరేచోటో ఈ వారమే మొదలుపెట్టండి.

ఇంట్లో చేయగలిగింది కూడా తక్కువేం కాదు. బిడ్డ ఎత్తుకి కిందకి కూర్చోండి, మొహం కనబడాలి. స్నానం చేయిస్తూ "నీళ్ళు, చెయ్యి, కాలు" అని ఒక్కో మాట, నెమ్మదిగా. నీళ్ళ గ్లాసు అడగకముందే అందించకుండా, చేతిలో పట్టుకుని కాసేపు అతని కళ్ళలోకి చూస్తూ ఆగండి. చూపో, శబ్దమో, చెయ్యి చాపడమో ఏదొచ్చినా "నీళ్ళు" అని వెంటనే ఇచ్చెయ్యండి. చెమ్మచెక్క, దాగుడుమూతలు, వీపు మీద గుర్రమాట, ఇవన్నీ వంతులు నేర్పే ఆటలే. థెరపీ గదిలో వేలు పోసి నేర్పేదాని మొదలు కూడా ఇక్కడే ఉంది.

ఫోన్ పక్కన పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్ళ లోపు పిల్లలకి తెర వద్దంది, రెండు నుంచి నాలుగేళ్ళ దాకా రోజుకి గంటకి మించకూడదంది. ఫోన్ వల్ల ఆటిజం వచ్చిందని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అది బిడ్డతో మనిషి మాట్లాడే సమయాన్ని తినేస్తుంది, అదీ అసలు నష్టం.

ఒక డాక్టరు ఆటిజం అన్నారు, ఇంకొకరు కాదన్నారు. ఎవర్ని నమ్మాలి?

రెండేళ్ళ వయసులో ఇలా జరగడం మామూలే. మొదటి రిపోర్టు దాచకుండా రెండోవాళ్ళకి చూపించండి. ఏ విషయంలో తేడా వచ్చిందో రాసివ్వమనండి. ఆరు నెలలకి మళ్ళీ చూస్తారు, అప్పటికి స్పష్టమవుతుంది. ఆ ఆరు నెలలూ థెరపీ మాత్రం ఆపకండి. మూడో, నాలుగో, ఐదో అభిప్రాయం కోసం తిరుగుతూ ఏడాది పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

థెరపీ సెంటరు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐలో నమోదై ఉండాలి. ఆ నంబరు అడగండి. సంస్థ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికి చూసుకోవచ్చు. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వని గది నాకు నచ్చదు. ఇవాళ ఏం నేర్పారు, ఇంట్లో ఏం చెయ్యాలి అని చివర ఐదు నిమిషాలు చెప్పాలి. మూడు నెలల లక్ష్యాలు రాసివ్వాలి.

"ఆరు నెలల్లో మామూలు చేస్తాం" అన్నవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి. మూలకణాల చికిత్స పేరుతో లక్షలు అడుగుతున్నారు. పొలం అమ్మి కట్టిన ఒక తండ్రితో నేను మాట్లాడాను, ఆ మనిషి గొంతు ఇంకా చెవిలో ఉంది. ఆటిజానికి మూలకణాల చికిత్సను సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చి చెప్పింది. ఆ డబ్బుతో ఎన్నేళ్ళ థెరపీ వస్తుందో లెక్కేసుకోండి.

వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే బిడ్డ మీద ముద్ర పడదా?

మావారు రెండేళ్ళు ఒప్పుకోలేదు. తర్వాత ఆయనే వెళ్ళి తెచ్చారు. అది మీ బీరువాలో ఉండే కాగితం. చూపించాల్సిన చోట చూపిస్తారు, లేనిచోట లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల లోపాల్ని గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బ వల్ల వచ్చే కదలికల లోపం), మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బందులు అన్నీ అందులో ఉన్నాయి. ఎక్కువ సదుపాయాలకి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. సమైక్య రాష్ట్రంలో వచ్చిన సదరం సర్టిఫికెట్ పేరే ఇప్పటికీ అందరి నోటా ఉన్నా, ఇప్పుడు దేశమంతా చెల్లే యూడీఐడీ, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసుకోవాలి. చిన్నపిల్లలకి తరచూ కొన్నేళ్ళకే చెల్లేలా ఇచ్చి మళ్ళీ పరీక్షిస్తారు.

కార్డు ఉంటే పెన్షన్‌కి దరఖాస్తు చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చుకీ కొంత ఇస్తారు. బిల్లులు పారెయ్యకండి.

బడిలో చేర్చుకోం అంటున్నారు. ఏం చెయ్యాలి?

లోపం ఉందన్న కారణంతో చేర్చుకోకపోవడం చట్టానికి విరుద్ధం. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్య 2016 చట్టం ఇచ్చిన హక్కు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. కాదన్నవాళ్ళని ఆ మాట కాగితం మీద రాసివ్వమంటే చాలాసార్లు అక్కడే స్వరం మారుతుంది.

మేం అమెరికాలో ఉన్నాం. బాబుని ఇండియా తెచ్చి చూపించమని అమ్మావాళ్ళు అంటున్నారు.

రావద్దని అనను, అమ్మమ్మ తాతయ్యల ఒడి మంచిదే. కానీ అక్కడ మూడేళ్ళ లోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, తల్లిదండ్రులే ఫోన్ చేసి అడగొచ్చు. మూడేళ్ళు నిండాక మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ది బాధ్యత. ఆ వరుస వదిలేసి వస్తే మళ్ళీ మొదటికొస్తుంది. అసెస్‌మెంట్‌లో "ఇంట్లో తెలుగే మాట్లాడతాం" అని చెప్పి, దుబాసీని అడగండి. ఇంగ్లీషు రాకపోవడాన్ని మాట రాకపోవడంగా లెక్కించకూడదు.

ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. నేనొక్కదాన్నే తిరగాలా?

ఈ ప్రశ్న ఎప్పుడూ రాత్రి పదకొండు దాటాకే వస్తుంది నాకు. అమ్మా, తప్పు మీది కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో, గ్రహణం చూసినందుకో, ఉద్యోగానికి వెళ్ళినందుకో ఇది రాలేదు. ఇంట్లోవాళ్ళు కాదనేది భయంతో. మాటలతో ఒప్పించడం కష్టం, చూపిస్తే సులువు. మావారిని నేను ఏ వాదనతోనూ గెలవలేదు. ఒకరోజు స్పీచ్ థెరపీ గదిలో పక్కన కూర్చోబెట్టాను. మా బాబు వయసు పిల్లలు ఏం చేస్తున్నారో, మావాడు ఏం చేస్తున్నాడో ఆయనే చూశారు. తిరుగు ప్రయాణంలో మాట్లాడలేదు. మర్నాడు ఫైలు ఆయనే పట్టుకున్నారు. అత్తమ్మని కూడా తీసుకెళ్ళండి, తర్వాత ఇంట్లో వ్యాయామాలు చేయించేది ఆమే కావచ్చు. మా ఇంట్లో అలాగే అయింది.

డాక్టరు గదిలో అన్నీ మరిచిపోతాను. బయటికి వచ్చేముందు తప్పక అడగాల్సినవి?

కాగితం మీద రాసుకెళ్ళండి. మీరు ఏమనుకుంటున్నారు, ఎంత నమ్మకంగా అనుకుంటున్నారు? ఈ వారం మేం మొదలుపెట్టాల్సింది ఏమిటి? ఏ థెరపీ, వారానికి ఎన్నిసార్లు, మా ఊరి దగ్గర ఎక్కడ? ఏది కనిపిస్తే తేదీ దాకా ఆగకుండా వెంటనే రావాలి? మళ్ళీ ఎప్పుడు? పాత డాక్టరుకి మీరు ఉత్తరం రాస్తారా, నేను తీసుకెళ్ళాలా? తీసుకెళ్ళమంటే అక్కడే రాయించుకుని, ఫోన్‌లో ఫోటో తీసి, అప్పుడు లేవండి.